రింగు ఎక్కే బలం ఎక్కడ తెచ్చుకోవాలి: క్లాసులోనా, జిమ్ములోనా, ఇంట్లోనా?

మొన్న ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఏరుకుంటుంటే, గుడిలో పరిచయమైన ఒకావిడ నా చేతులు చూసి ఆగిపోయింది. వేళ్ళ మొదట్లో వరసగా కాయలు కాసి ఉన్నాయి మరి. "ఏంటండీ ఇది, గార్డెనింగా?" అంది. కాదండీ, రింగు అని చెప్పాను. పైనుంచి వేలాడే ఇనప చక్రం, దాని మీదికెక్కి కూర్చుని, తలకిందులుగా వేలాడి, గిరగిరా తిరుగుతూ చేసేది. ఇక్కడ ఏరియల్ హూప్ అంటారు, కొంతమంది లైరా అంటారు. ఆవిడ వెంటనే అడిగిన ప్రశ్నే ఈ మధ్య నన్ను అందరూ అడుగుతున్నారు: "నాకు ఒక్క పుల్-అప్ కూడా రాదు, ముందు జిమ్ములో చేరి బలం తెచ్చుకుని రావాలా, లేక నేరుగా చేరిపోవచ్చా? వారానికి ఎన్ని క్లాసులు?" (పుల్-అప్ అంటే కడ్డీకి వేలాడి, గడ్డం దాని పైకి వచ్చేదాకా ఒంటిని చేతులతో లాక్కోవడం.) కరివేపాకు దగ్గర నిలబడి తేల్చే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్తే ఈ సలహాని ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. నాకు 37, ఇద్దరు పిల్లలు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. రింగు మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. టీచర్ని కాను. పైగా ఆ ఏడాదిన్నరలో దాదాపు మూడు నెలలు మోచేయి నొప్పితో ఇంట్లో కూర్చున్నదాన్ని, కాబట్టి తప్పుదారి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

తొందరలో ఉన్నవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: మొదటి మూడు నెలలు వారానికి ఒక్క క్లాసు, ఇంట్లో ఇరవై నిమిషాల చొప్పున రెండు రోజులు. జిమ్ముకి ఇప్పటికే వెళ్తుంటే ఆ రెండు రోజులు అక్కడే చేసుకోండి. బలం వచ్చాక చేరతాను అని ఆగొద్దు, చేరాం కదా అని వారానికి నాలుగు క్లాసులకి ఎగబడొద్దు. మిగతాదంతా ఎందుకు అన్నదే.

మన భాషలో దీనికి రెండు మంచి మాటలున్నాయి, సత్తువ, ఒడుపు. మా అమ్మమ్మకి నాకన్నా కండ ఎక్కువేమీ ఉండేది కాదు. కానీ నిండు బిందె ఎత్తి నడుం మీద పెట్టుకోవడం ఆవిడకి ఒక్క ఊపు. నాకైతే మూడు ఊపులు, సగం నీళ్ళు నేలపాలు. రింగు కూడా అచ్చం అంతే. చూసేవాళ్ళకి అంతా చేతుల బలం అనిపిస్తుంది, చేసేవాళ్ళకి మాత్రం ఎక్కడ నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నదే సగం పని. ఇబ్బంది ఏంటంటే ఒడుపు తెలియాలంటే నాలుగుసార్లు ప్రయత్నించేంత సత్తువ ఉండాలి. రెండు ప్రయత్నాలకే చేతులు వణికిపోతే నేర్చుకునేదేం ఉండదు.

స్ట్రాడిల్ మౌంట్ అని ఒకటుంది, కొత్తవాళ్ళందరికీ మొదటి గండం అదే. రింగు కింది కడ్డీ మీ చేతికి అందే ఎత్తులో ఉంటుంది. రెండు చేతులూ దగ్గరగా పెట్టి కడ్డీ పట్టుకోవాలి, మోకాళ్ళు పొట్టలోకి ముడవాలి, నడుముని పైకి తిప్పాలి, కాళ్ళు రెండూ చేతులకి అటూ ఇటూ చాపి మోకాళ్ళ వెనక మడతల్ని కడ్డీకి తగిలించాలి. నేను మొదటి ఆరు వారాలు చేసిందేంటంటే, మోచేతులు వంచి గడ్డాన్ని కడ్డీ దాకా లాక్కుని, అక్కడినుంచి కాళ్ళు పైకి విసరడం. కాళ్ళు గాల్లో తన్నుకునేవి, నడుము మాత్రం ఉన్నచోటే ఉండేది. అమ్మకి వీడియో పంపిస్తే "బావిలో పడ్డ పిల్లిలా ఉన్నావే" అంది.

ఒకరోజు టీచర్ నా చేతుల పక్కన తన చేతులు పెట్టి చూపించింది. కడ్డీని నీ వైపు లాక్కోకు, మోచేతులు చాచే ఉంచి కడ్డీని నీ తొడల వైపు కిందికి నొక్కు, తల వెనక్కి వదిలెయ్ అంది. పైనున్న కడ్డీని కిందికి నొక్కడమేంటి అనుకున్నాను, కానీ అలా అనుకుని చేస్తే చంకల కిందనుంచి వీపు రెండు పక్కలా ఉండే పెద్ద కండరాలు పట్టుకుంటాయి, తల వెనక్కి వెళ్ళేసరికి నడుము దానంతటదే త్రాసులో రెండో పళ్ళెంలా లేస్తుంది. ఆ రోజు ఎక్కలేదు కానీ మొదటిసారి నడుము కదిలింది. అంతకుముందు ఆరు వారాలూ బలం లేక కాదు, బలాన్ని తప్పు చోట ఖర్చు పెట్టి.

ఇప్పుడు దారులు ఒక్కొక్కటీ చూద్దాం.

ఎక్కువ క్లాసులకి వెళ్తే బలం అదే వస్తుంది అన్నది అందరికీ సహజంగా తట్టే దారి. నేనూ అదే చేశాను. ఒకరోజు అనుమానమొచ్చి, ఫోను గోడకి ఆనించి క్లాసంతా వీడియో తీసి, ఇంటికొచ్చి లెక్కపెట్టాను. గంట క్లాసులో వార్మప్ పావుగంట, చివర్లో స్ట్రెచింగ్ పది నిమిషాలు, టీచర్ చేసి చూపించే సమయం, ఇద్దరికి ఒక రింగు కాబట్టి అవతలి మనిషి వంతు, ఇవన్నీ పోను నేను గాల్లో ఉన్నది తొమ్మిది నిమిషాలు. అందులో చేతుల మీద వేలాడింది మూడు నిమిషాలైనా లేదు, మిగతాదంతా రింగులో కూర్చోవడం, మోకాళ్ళ మీద వేలాడటం. క్లాసు చెడ్డదని కాదు. క్లాసు ఒడుపు నేర్చుకునే చోటు, టీచర్ కళ్ళకి మనం డబ్బులిస్తున్నాం. బలం తెచ్చుకోవడానికి మాత్రం అది లెక్కాపత్రం లేని చోటు. ఎందుకంటే అక్కడ బరువుని తగ్గించుకునే వీలు తక్కువ. రింగు పట్టుకున్నాక నా 62 కిలోలూ నేనే మోయాలి, సగం మోస్తానంటే కుదరదు. ఒక వారం ఎక్కువ వేలాడే మూవ్, ఇంకో వారం అంతా కూర్చుని చేసేది, ఏ కండరానికీ వరసగా పని పడదు. పైగా అందరం మంచి వైపే చేస్తాం. కుడికాలు తగిలిస్తే వస్తుంది కాబట్టి కుడికాలే తగిలిస్తాం.

ఇక నా మోచేయి కథ. రెండో నెలలో మా స్టూడియోలో నెలంతా ఎన్ని క్లాసులైనా అని ఒక ఆఫర్ పెట్టారు. డబ్బులు కట్టాక ఊరుకుంటామా, బఫేలో ప్లేటు నింపినట్టు వారానికి నాలుగు క్లాసులు వెళ్ళాను. మూడు వారాలు గాల్లో తేలినట్టే ఉంది, నిజంగానే బలం పెరుగుతోంది అనిపించింది. నాలుగో వారంలో ఒక ఉదయం పొయ్యి మీంచి దోసె పెనం ఎత్తబోతే మోచేయి లోపలి వైపు సూదితో పొడిచినట్టయింది. తర్వాత ఆవకాయ సీసా మూత తిప్పితే అదే, తడిగుడ్డ పిండితే అదే. ఫిజియో దగ్గరికెళ్తే గోల్ఫర్స్ ఎల్బో అంది. జన్మలో గోల్ఫ్ కర్ర ముట్టుకున్నదాన్ని కాదు! అదేపనిగా గట్టిగా పట్టు పట్టి వేలాడేవాళ్ళకి, బండలెక్కేవాళ్ళకి ఇది మామూలేనట. కారణం వినగానే అర్థమైపోయేదే: కండలు కొన్ని వారాల్లోనే బలపడతాయి, కండని ఎముకకి కట్టే టెండన్లు మాత్రం నెలలు తీసుకుంటాయి. మూడో వారంలో నాకు "బలం వచ్చింది" అనిపించింది చూడండి, అది కండ చెప్పిన మాట. టెండన్‌ని ఎవరూ అడగలేదు.

అందుకే మొదటి మూడు నెలలు ఆఫర్ ఉన్నా వద్దంటాను. ఏ రోజుకారోజు డబ్బులు కట్టి వెళ్ళే డ్రాప్-ఇన్ క్లాసు మా దగ్గర 30 డాలర్లు, ఒకే టీచర్ దగ్గర వరసగా సాగే ఆరు వారాల సిరీస్ 150, అన్‌లిమిటెడ్ నెల 190. లెక్క వేస్తే అన్‌లిమిటెడ్ చవకే, ఫిజియో బిల్లులు కలపనంతవరకు.

రెండో దారి దీనికి పూర్తిగా ఎదురు: ముందు జిమ్ము, మూడు నెలలు బలం, ఆ తర్వాత రింగు. దీన్ని చెప్పేవాళ్ళలో సగంమంది ఆ మూడు నెలల తర్వాత రారు, అది ఒకటి. ఇంకోటి, వచ్చినా అనుకున్నంత కలిసిరాదు. మా బ్యాచ్‌లో ఒకాయన ఉండేవాడు, ఆరు పుల్-అప్‌లు గుక్క తిప్పుకోకుండా తీస్తాడు. మొదటిరోజు మేమంతా కుళ్ళుకున్నాం. స్ట్రాడిల్ దగ్గరికొచ్చేసరికి నేను చేసిన తప్పే, గడ్డం కడ్డీ దాకా తీసుకెళ్ళి అక్కడ ఇరుక్కుపోయాడు. పుల్-అప్‌లో చేతులు వంచి లాగే బలం కావాలి, ఇక్కడ చేతులు చాచి నొక్కే బలం, పొట్టని మడిచే బలం, తొడని పొట్టలోకి లాక్కునే బలం కావాలి. వెనక తొడలు బిగుసుకుపోయి ఉంటే కాళ్ళు పైకి రానే రావు.

దానికి పూర్తిగా తిరగేసిన మనిషి ఇంకొకామె, గుంటూరు పిల్ల, చిన్నప్పటినుంచి కూచిపూడి. మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టుండే అరమండిలో అరగంట నిలబడగలదు, తొడలు ఉక్కు. రింగులో కూర్చుని చెయ్యి చాపితే చాలు, క్లాసంతా అటే చూస్తుంది. కానీ పట్టు లేదు, పదిహేను సెకన్లు వేలాడితే వేళ్ళు జారిపోయేవి. తమాషా ఏంటంటే పాదం చాచమంటే ఆమెకి చిరాకొచ్చేది, పదిహేనేళ్ళు పాదం నేలకి పరిచి తాళం కొట్టిన కాలు అది, బొటనవేలు ముందుకి చాచి కాలంతా ఒక గీతలా ఉంచడం ఒంటికి కొత్త. కాబట్టి మీరు ఏ ఆటలోంచి వస్తున్నారో దాన్ని బట్టి మీ లోటు వేరు. అది ఏంటో రింగు పట్టుకుంటేనే తెలుస్తుంది, జిమ్ములో కూర్చుని ఊహిస్తే తెలియదు. అందుకే ముందు చేరండి అంటున్నాను.

అలాగని జిమ్ము దండగ కాదు. కూర్చుని పైనున్న కడ్డీని కిందికి లాగే ల్యాట్ పుల్‌డౌన్ మెషీన్‌లో ఇవాళ 15 కిలోలు, వచ్చే నెల 20 అని లెక్కగా పెంచుకోవచ్చు, మన బరువులో కొంత తనే మోసే అసిస్టెడ్ పుల్-అప్ మెషీన్ అయితే కొత్తవాళ్ళకి వరం. మోచేతులు చాచి తాడునో కడ్డీనో పైనుంచి తొడల దాకా నొక్కే స్ట్రెయిట్ ఆర్మ్ పుల్‌డౌన్ ఉంటుంది, స్ట్రాడిల్‌కి కావలసిన నొక్కుడు సరిగ్గా అదే. ఆ ఒక్కదాని కోసమైనా కేబుల్ మెషీన్ దగ్గర క్యూలో నిలబడొచ్చు. మణికట్టుకి పట్టీలు చుట్టుకుని బరువులు లాగే అలవాటుంటే మానేయండి, పట్టు పెరగాల్సింది మీకు, పట్టీకి కాదు.

మూడోది ఇల్లు. నేను చివరికి కుదురుకున్నది ఇక్కడే. కావలసింది ఒక పుల్-అప్ బార్, ఒక రబ్బరు బ్యాండ్, ఒక పీట. అమెరికా ఇళ్ళలో గుమ్మం చుట్టూ చెక్క పట్టీ పైకి ఉంటుంది కాబట్టి దానికి తగిలించే బార్ సరిపోతుంది. హైదరాబాద్, విజయవాడ ఇళ్ళలో చాలాచోట్ల ఆ తగిలించే రకం కుదరదు. గుమ్మానికి మధ్యలో తిప్పి బిగించే రకం కొంటారు, అది జారిపడిన కథలు మా ఇంట్లోనే ఉన్నాయి, మా మరిది అడగండి చెప్తాడు. కాంక్రీటు గోడకి డ్రిల్ చేసి బోల్టులతో బిగించేదే కొనండి, బిగించేవాడికి ఓ రెండొందలు ఎక్కువిచ్చినా పర్లేదు.

ఏం చేయాలి అంటే, అన్నిటికన్నా ముందు వేలాడటం నేర్చుకోవాలి. నవ్వకండి. ఊరికే వేలాడితే భుజాలు చెవులకి ఆనతాయి, బరువంతా కీలు మీద పడుతుంది. మోచేతులు వంచకుండా, వీపు మీద రెక్క ఎముకల్ని కిందికి లాగండి, మెడ పొడుగవుతుంది, ఒళ్ళు ఒక అంగుళం పైకి లేస్తుంది. అంతే, ఆ అంగుళమే ఎక్సర్‌సైజు. వదిలి మళ్ళీ లాగి, అయిదారుసార్లు, మధ్యలో బాగా విశ్రాంతి తీసుకుంటూ మూడు విడతలు. మొత్తం బరువు మోయలేకపోతే ఒక పాదం పీట మీద పెట్టుకోండి, ఇదే క్లాసులో దొరకని సుఖం, బరువులో ఎంత మోయాలో మీ కాలు చెప్తుంది. తర్వాత పీట మీదనుంచి గడ్డం కడ్డీ పైకి వచ్చేలా ఎక్కి, అయిదు లెక్కపెడుతూ మెల్లగా దిగడం, మూడు నాలుగుసార్లు చాలు. ఎక్కే బలం లేనివాళ్ళకి కూడా దిగే బలం ఉంటుంది, దాన్నుంచే ఎక్కే బలం వస్తుంది.

నేల మీద రెండు. వెల్లకిలా పడుకుని నడుము నేలకి అతికించి, భుజాలూ కాళ్ళూ కొంచెం పైకి లేపి, దోనెలా ఇరవై సెకన్లు. నడుము కింద చెయ్యి దూరుతుందంటే కాళ్ళు మరీ కిందికి దించారన్నమాట, కొంచెం పైకి తీసుకోండి. రెండోది చూడటానికి ఏమీ లేదు, చేస్తే ప్రాణం పోతుంది. కాళ్ళు చాపుకుని కూర్చుని, మోకాళ్ళకి అటూ ఇటూ అరచేతులు నేలకి ఆనించి, మడమలు నేలమీంచి లేపాలి, వెనక్కి వాలకుండా. మొదటిరోజు నా మడమలు లేవలేదు, తొడలో పిక్క పట్టేసినట్టు పట్టేసింది. స్ట్రాడిల్‌లో నా కాళ్ళు పైకి ఎందుకు రావట్లేదో ఆ క్షణంలో తెలిసింది, అది చేతుల లోటు కాదు.

ఇంకోటి ఎవరూ చెప్పనిది. రింగు మీద అంతా లాగుడే, తోసే పని చాలా తక్కువ. కాబట్టి గోడకో మంచానికో చేతులానించి పుష్-అప్‌లు ఓ పది, వేళ్ళ చుట్టూ కూరగాయల రబ్బరు బ్యాండ్ వేసి వేళ్ళు విప్పడం ఓ ఇరవైసార్లు. ఈ రెండోది మీటింగులో కెమెరా ఆపి చేస్తాను. పట్టుకునే కండరాలకి రోజూ పనే, విప్పే కండరాలకి ఎప్పుడూ సెలవే, ఈ తేడా నా మోచేతిలాంటివాటికి మంచిది కాదని ఫిజియో చెప్పింది. పెద్దవాళ్ళు వారానికి రెండు రోజులైనా కండరాలకి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎలాగూ అంటోంది, ఆ కోటా కూడా దీంతోనే అయిపోతుంది.

ఇంటి దారిలో లోటు లేదా అంటే ఉంది, చూసేవాళ్ళు ఉండరు. భుజం చెవి దాకా వచ్చేసినా మనకి తెలియదు. పైగా పిల్లలు కాళ్ళకి వేలాడతారు. అందుకే ఒక్క క్లాసైనా ఉండాల్సిందే.

ఆ ఒక్క క్లాసు ఏది అన్నది చూద్దాం. డ్రాప్-ఇన్ కన్నా సిరీస్ మేలు, కొత్తవాళ్ళకి సందేహం లేకుండా. డ్రాప్-ఇన్‌లో ప్రతివారం ఎవరో ఒకరు మొదటిసారి వచ్చినవాళ్ళుంటారు, టీచర్ వాళ్ళని చూసుకోవాలి కదా, మనం అయిదోసారి కూడా మొదటి పాఠమే వింటాం. సిరీస్‌లో ఒకే టీచర్ ఆరు వారాలు మిమ్మల్ని చూస్తుంది, పోయిన వారం ఎక్కడ ఆగారో గుర్తుంటుంది. చేరేముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూస్తామని అడగండి. రింగుకి ఎంతమంది? ఇద్దరైతే బాగుంటుంది, ముగ్గురు పర్లేదు, నలుగురైతే కబుర్లకి వెళ్ళినట్టే. కింద దళసరి మ్యాట్ ఉందా? ఎక్కడం కన్నా ముందు దిగడం నేర్పుతున్నారా? రెండో వైపు కూడా చేయిస్తున్నారా? తలకిందులయ్యే మొదటిసారి పక్కన నిలబడి నడుముకి చెయ్యి అడ్డం పెడుతున్నారా? ఈ చివరిది లేకపోతే నేనైతే లేచి వచ్చేస్తాను. ప్రైవేట్ క్లాసు మొదట్లోనే వద్దు, డబ్బు దండగ. ఏడెనిమిది వారాలయ్యాక ఒక మూవ్ దగ్గర ఇరుక్కున్నప్పుడు ఒక్కటి తీసుకుంటే పది క్లాసుల పని అవుతుంది.

రింగుల్లో కూడా రకాలున్నాయి. పైన ఒకే కొక్కెం ఉండేది ఒకటి, రెండు ఉండేది ఒకటి. ఒక్క కొక్కేనిది సులువుగా తిరుగుతుంది, అంతే సులువుగా ఒక పక్కకి ఒరుగుతుంది. కొత్తలో కూర్చుంటే ఊగే ఊయలలో టీ తాగుతున్నట్టుంటుంది. రెండు కొక్కేలది పక్కలకి కుదురుగా ఉంటుంది, పై కడ్డీ మీద చేసే మూవ్‌లకి రెండు కొక్కేల మధ్య చోటు దొరుకుతుంది. మీ స్టూడియోలో ఏది ఉంటే అదే నేర్చుకోండి, పట్టింపు వద్దు. రింగు సైజు మాత్రం చూసుకోండి. లోపల నిటారుగా కూర్చుంటే తల పై కడ్డీకి తగలకూడదు, మరీ జానెడు ఖాళీ కూడా ఉండకూడదు.

రింగా, సిల్క్స్ అని పొడుగు గుడ్డల మీద చేసేదా, పోల్ అని నిలువు స్తంభం మీద చేసేదా అని కూడా అడుగుతారు. గుడ్డ మెత్తగా ఉంటుంది అనుకుంటారు కానీ మొదటిరోజే దాని మీదికి ఎక్కడం నేర్చుకోవాలి, పట్టు చాలా కావాలి. రింగు గట్టిది, ఒళ్ళు కమిలిపోతుంది, కానీ మొదటిరోజే లోపల కూర్చుని ఫోటో దిగొచ్చు, కొత్తవాళ్ళకి అది చిన్న విషయం కాదు. పోల్‌కి చర్మమే పట్టు కాబట్టి షార్ట్స్ తప్పవు. రింగుకి అందుకు తిరగేసి, మోకాళ్ళ వెనక కప్పేలా నిండు లెగ్గింగ్స్ వేసుకుంటేనే మంచిది. బట్టల దగ్గర మొహమాటపడే మనవాళ్ళకి ఈ ఒక్క కారణం చాలు. మీ ఊళ్ళో ఇవేవీ లేక వేలాడే తాడు మీద చేసే రోప్ మల్లఖంబ్ నేర్పేవాళ్ళు ఉంటే అసలు ఆలోచించకండి, వెళ్ళిపోండి. మహారాష్ట్రలో తరాలుగా నేర్పుతున్న విద్య అది, ఆ పట్టు ముందు మా రింగు పట్టు పసిపిల్లల ఆట. ముంబైలో దశాబ్దాలుగా మల్లఖంబ్ నేర్పుతున్న ఉదయ్ దేశ్‌పాండే గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది కూడా.

ఇంట్లోనే రింగు బిగించుకుంటే పోలా అనే ఆలోచన మూడో నెలలో అందరికీ వస్తుంది. వద్దు. 62 కిలోల మనిషి ఊగినా, కిందికి జారి ఒక్కసారి ఆగినా కొక్కెం మీద పడే బరువు దానికి ఎన్నో రెట్లు. ఇక్కడి ఇళ్ళ సీలింగ్ వెనక ఉండేవి చెక్క దూలాలు, ఇంజినీరు చూడకుండా వాటిని నమ్మకూడదు. ఇండియాలో కాంక్రీటు స్లాబు కదా అంటారు, ఫ్యాను కొక్కెం ఫ్యాను కోసం వేసింది, మన కోసం కాదు.

ఒళ్ళు ఏం చెప్తోందో వినడం కూడా ఒక ఒడుపే. మోకాళ్ళ వెనక, నడుం పక్కన కమిలిన నీలాలు మామూలే, మొదటి నెల చీర కట్టే పెళ్ళిళ్ళకి ఇబ్బంది అంతే. క్లాసు మర్నాడు, ఆ మర్నాడు రెక్కలు పీకడం మామూలే. కీలు దగ్గర ఒకే చోట పొడిచినట్టుండే నొప్పి, వేళ్ళు తిమ్మిరెక్కడం, రాత్రి పక్కకి తిరిగితే భుజం మేల్కొలపడం, ఇవి మామూలు కావు. ఆపి చూపించుకోండి. నాకు ఫిజియో పూర్తి విశ్రాంతి కూడా చెప్పలేదు, రెండు పౌండ్ల డంబెల్ చేతిలో పెట్టి మణికట్టుని మెల్లగా కిందికి దించమంది, రోజూ, ఎనిమిది వారాలు. చచ్చేంత విసుగు, కానీ తగ్గింది. గర్భిణులు, బీపీ అదుపులో లేనివాళ్ళు, గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్ళు తలకిందుల మూవ్‌ల జోలికి డాక్టర్ని అడగకుండా వెళ్ళొద్దు. కాన్పు అయ్యాక పొట్ట కండరాలు విడిపోయి ఉంటే అది ముందు చూపించుకోండి. క్లాసుకి ఉంగరాలు తీసేసి వెళ్ళండి, మంగళసూత్రం కూడా. చేతికి ఆ రోజు లోషన్ రాయొద్దు. కాయలు కాస్తాయి, కాయనివ్వండి, కానీ ఎత్తుగా పెరగనివ్వద్దు, స్నానంలో ఒళ్ళు రుద్దుకునే గరుకు రాయితో అరగదీస్తే సరి. ఎత్తుగా ఉన్న కాయే కడ్డీకి పట్టుకుని చర్మంతో సహా ఊడొస్తుంది, ఆ మంట మీద పచ్చిమిరపకాయలు తరిగితే ఎలా ఉంటుందో నేను చెప్పను.

తిండి గురించి ఎక్కువ చెప్పే అర్హత నాకు లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే నాకు 50 గ్రాముల పైచిలుకు. అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో ప్రోటీన్ పొడులు వద్దంది. కసరత్తు బాగా చేసేవాళ్ళకి 1.4 గ్రాములనుంచి మొదలని స్పోర్ట్స్ న్యూట్రిషన్ వాళ్ళంటారు. నేను మధ్యలో ఎక్కడో ఉన్నాను. చేసిందల్లా ఒకటే, అన్నంలో పప్పు కలుపుకోవడం మాని పప్పులో అన్నం కలుపుకుంటున్నాను, ఉదయం ఇడ్లీల బదులు పెసరట్టు, రెండు గుడ్లు.

ఎప్పుడు రెండో క్లాసు కలుపుకోవచ్చు అంటే, నాకు నేను పెట్టుకున్న గుర్తులు చెప్తాను. భుజాలు కిందికి లాగి అరనిమిషం వేలాడగలగాలి. వేలాడుతూ మోకాళ్ళు పొట్టలోకి అయిదుసార్లు ఊగకుండా ముడవగలగాలి. క్లాసు అయిన రెండో రోజుకి కీళ్ళలో ఏ గొడవా ఉండకూడదు. నాకు ఇవి నొప్పి తగ్గాక నాలుగున్నర నెలలు పట్టాయి, గుంటూరు పిల్లకి రెండు నెలలే. ఇప్పుడు వారానికి రెండు క్లాసులు. కుడికాలు ముందుగా వేసే మూవ్‌లన్నీ వస్తున్నాయి, స్ట్రాడిల్ నేలమీంచి తన్నకుండానే ఎక్కుతున్నాను. ఎడమవైపు మాత్రం ఇంకా అదే, బావిలో పడ్డ పిల్లి.